ప్రార్థన చేసి చెప్తాను

"ఆ పళ్ళ డాక్టర్ని ఇక్కడికి ఎవరు రమ్మన్నారు?"

మా ఆయన ఈ ప్రశ్న వేయడం ఇది మూడోసారి. మొదటిసారి గదిలో అందర్నీ కలిపి అడిగారు. రెండోసారి కిటికీని అడిగారు. ఈసారి మాత్రం సరాసరి నా మొహంలోకి చూసి అడిగారు.

నేను పిల్లల కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఈ ఊరి చర్చివాళ్ళు మా ఆడవాళ్ళకి బసగా ఇచ్చింది సండే స్కూలు గది. అందులో ఉన్నవన్నీ మోకాలెత్తు కుర్చీలే. వాటిలో కూర్చుని పోట్లాడటం చాలా కష్టం. ఎంత గట్టిగా వాదించబోయినా మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటాయి.

గది మధ్యలో బల్ల మీద పొగలు కక్కే వేడినీళ్ళ గిన్నె. దాని మీదికి వంగి, తల మీంచి తువ్వాలు కప్పుకుని మా వదిన. మా ఆయనకి స్వయానా అక్క, మా పాటల బృందానికి గొంతు, గుండెకాయ అన్నీ ఆవిడే. సభకి ముందు ఆవిరి పట్టడం ఆవిడ అలవాటు. తువ్వాలు కింద ఉన్నంతసేపూ ఆవిడతో ఎవరూ మాట్లాడకూడదు. ఆవిడ గురించి మాట్లాడకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"కారు దిగాడు," అన్నాడు కిటికీ దగ్గర నిలబడ్డ దరువు. "వాళ్ళమ్మ కూడా దిగింది."

దరువంటే మా డ్రమ్ముల కుర్రాడు. నిద్రలో కూడా మంచంకోడు మీద వేళ్ళతో వాయిస్తాడని ఆ పేరు. నన్ను చిన్నక్కా అంటాడు. ఆ లెక్కన మా ఆయన్ని బావా అనాలి కదా, అన్నా అంటాడు. డ్రమ్ముల మీద ఎప్పుడూ తప్పని తాళం చుట్టరికాల దగ్గర తప్పుతుంది.

"అమ్మని కూడా తెచ్చాడా!" మా ఆయన తల పట్టుకున్నారు. "అంటే సంబంధం మాట్లాడటానికే వచ్చాడన్నమాట. అక్క అక్కడే చెప్పేసింది కదా, ప్రార్థన చేసి చెప్తానని!"

"చెప్పింది," అన్నాను. "అందుకే ఆయన నాకు ఫోన్ చేసి అడిగారు, దానర్థం ఏమిటండీ అని."

"నీకెందుకు చేశాడు?"

"పోయిన ఊళ్ళో వదినకి పన్నునొప్పి వస్తే అపాయింట్‌మెంట్ తీసుకున్నది నేనే కదా. నా నంబరే ఉంది ఆయన దగ్గర."

"నువ్వేం చెప్పావు?"

మోకాళ్ళు దించుకుని, కాస్త సర్దుకుని కూర్చున్నాను.

"సగం ఒప్పుకున్నట్టేనండీ అన్నాను."

దరువు వేళ్ళు కిటికీ చువ్వ మీద ఆగిపోయాయి. మా ఆయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. పళ్ళ డాక్టరుగారు చూస్తే సంతోషించేవారు.

"సగమా?" అన్నారు చివరికి. "కొంప ముంచావు కదే! మా అక్క ప్రార్థన చేసి చెప్తానందంటే కాదని అర్థం. ఆ సంగతి ఈ టీమ్‌లో అందరికీ తెలుసు."

"నాకు తెలీదుగా."

"చెప్తా విను. పాస్టరుగారెవరైనా మా మేనల్లుడితో ఒక్క పాట పాడించమ్మా అంటే అక్క ఏమంటుంది? ప్రార్థన చేసి చెప్తానండీ అంటుంది. ఆ మేనల్లుడు పాడాడా? ఇంకో రోజు ఉండి వెళ్ళండమ్మా అంటే? ప్రార్థన చేస్తామండీ. ఉన్నామా? మొన్న ఒకాయన వేణువు పట్టుకుని వచ్చి, మీ టీమ్‌లో చేరతానన్నాడా?"

"వేణువాయన గురించి నిజంగానే ప్రార్థన చేశాను నేను," అన్నాడు దరువు. "రావొద్దని."

నాకో అనుమానం వచ్చింది. చిన్నదే.

"ఏమండీ, పెళ్ళయిన కొత్తలో నేను వదినని అడిగాను కదా, ఎప్పుడైనా ఒక్క ఊళ్ళో మనిద్దరికీ వేరే గది తీసుకోవచ్చా అని..."

మా ఆయన చూపు గోడ మీద వేలాడే పిల్లల బొమ్మల వైపు మళ్ళింది.

"ఏమంది?" అన్నాడు దరువు, నవ్వాపుకుంటూ.

"ప్రార్థన చేద్దాంలే అంది. పాపం, మన కోసం ప్రార్థన కూడా చేస్తోంది అనుకుని మురిసిపోయాను."

పప్పులో కాలేయడమంటే ఇదే. అయితే నా దగ్గరా ఒక సాక్ష్యం ఉంది. ఊరికే వదిలిపెట్టే రకాన్ని కాదు నేను.

"సరే. మరి మీ సంబంధం వచ్చినప్పుడు మా నాన్నగారేమన్నారు? ప్రార్థన చేసి చెప్తామన్నారు. చేశారు, చెప్పారు, ఇదిగో నేను ఇక్కడున్నాను. మా ఇంట్లో ఆ మాటకి అదే అర్థం. ప్రార్థన చేయడం, చెప్పడం. అంతే."

"ఆ వారం అన్న అన్నం ముట్టలేదు చిన్నక్కా," అన్నాడు దరువు. "అయిపోయిందిరా, ప్రార్థన చేస్తామన్నార్రా అని స్పీకరు పెట్టె మీద తల పెట్టుకుని పడుకున్నాడు."

నేను మా ఆయన వైపు తిరిగాను.

"నా కోసం అన్నం మానేశారా?"

"ఇప్పుడది కాదు విషయం."

"ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే! పూర్తిగా మానేశారా, ఒక పూట తిన్నారా?"

"అసలు విషయానికి రా!" అన్నారు గానీ చెవులు ఎర్రబడ్డాయి. కోపంతో ఎర్రబడితే ముక్కు కూడా ఎర్రబడుతుంది, అది నాకు తెలుసు. పెళ్ళయి ఎన్నాళ్ళో కాకపోయినా మొగుడి మొహంలో రంగులు చదవడం వచ్చేసింది.

"అక్కకి ఇలాంటి సంబంధాలు ముందూ వచ్చాయి," అన్నారు గొంతు తగ్గించి. "అందరికీ అదే మాట చెప్పింది. అర్థం చేసుకుని మర్యాదగా తప్పుకున్నారు. ఈయనకేమో నువ్వు ఆశ పెట్టావు. ఇప్పుడు వాళ్ళమ్మ ముందు అక్క కాదనాలి. ఎంత ఇబ్బంది! అసలు మా అక్కకి పెళ్ళి..."

అప్పుడు కదిలింది వదిన చెయ్యి. తువ్వాలు కిందినుంచి బయటికి జారి, బల్ల మీద పిడికిలి బిగుసుకుంది.

దరువు ఠక్కున నోరు మూశాడు. నేనూ మూశాను.

వదిన వేదిక మీద పాడుతున్నప్పుడు ఎడంచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుంటుంది. వెనకున్న మా కోసం. ఒక వేలు చూపిస్తే మొదటి చరణం, రెండైతే రెండోది. అరచెయ్యి చాపి కిందికి ఊపితే మెల్లగా వాయించమని. బొటనవేలు పైకెత్తితే శ్రుతి ఒక మెట్టు పెంచమని. పిడికిలి బిగిస్తే ఆపేయమని. తెర మీద పాట చరణాలు మార్చే పని నాది కాబట్టి, సభ జరిగినంతసేపూ నా కళ్ళు ఆ చేతి మీదే ఉంటాయి.

మా ఆయనకి మాత్రం ఆ భాష రాదు. హాలు చివర మిక్సర్ దగ్గర కూర్చునే మనిషి. ఆయనకి కనిపించేది అక్క మొహమే గానీ వీపు కాదు. అందుకే ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

"...మా అక్కకి పెళ్ళి ఆలోచనే లేదు. ఆ సంగతి నాకు తెలుసు!"

వదిన తువ్వాలు తీసింది. మొహం కందిపోయి ఉంది. ఆవిరికే కావచ్చు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది.

"నీళ్ళు చల్లారిపోయాయి," అంది.

గిన్నె పక్కకి జరిపింది.

"సభకి టైమవుతోంది. వెళ్ళి వైర్లు చూసుకోండి."

అంతే. అవుననలేదు, కాదనలేదు. జుట్టు తుడుచుకుంటూ గోడవైపు తిరిగిపోయింది.

* * *

గుమ్మం దాటగానే మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"రప్పించింది నువ్వే. పంపించేదీ నువ్వే. సభ మొదలయ్యేలోపు."

"నేను ఎలా పంపిస్తానండీ?"

"కర్ర విరక్కుండా చూసుకో." ఒక్క క్షణం ఆగారు. "అమ్మ పోయినప్పుడు నేను ఆరో తరగతి. హోంవర్కు చేయించింది అక్క, హార్మోనియం మీద వేళ్ళు పెట్టించింది అక్క. ఈ టీమ్ కూడా మేమిద్దరం, ఒక హార్మోనియం, అంతే అప్పుడు. అక్క వెళ్ళిపోతే టీమ్ లేదు. టీమ్ లేకపోతే నాకు..."

"మీకు నేనున్నాను కదా."

"నువ్వు పాడితే స్పీకర్లు కూడా లేచి బయటికి నడుస్తాయి."

అది నిజమే. నవ్వొచ్చింది. ఆయనకీ నవ్వొచ్చింది గానీ కళ్ళలోకి రాలేదు. కోపం కాదది, భయం. అంత పొడుగు మనిషి లోపల ఆరో తరగతి పిల్లాడు పుస్తకాల సంచీ పట్టుకుని నిలబడ్డట్టు కనిపించాడు నాకు. చెయ్యి నొక్కి వదిలేశాను.

సరే, పంపించేద్దాం అనుకునే వెళ్ళాను.

డాక్టరుగారి తల్లి మా వ్యాను పక్కన నీడలో నిలబడి ఉన్నారు. చేతికర్ర, చెవిలో వినికిడి మిషను, ఇస్త్రీ చెడని చీర. డాక్టరుగారు మాత్రం కనిపించలేదు. వ్యాను వెనక తలుపు తీసి ఉంది. తొంగిచూస్తే, స్పీకరు పెట్టెల వెనక వంగి, చేతులు బారచాపి దేన్నో కొలుస్తున్నారు.

"డాక్టరుగారూ?"

ఉలిక్కిపడి లేచారు. తల పైకప్పుకి టంగున తగిలింది.

"వందనాలండీ. మడత కుర్చీ ఒకటుందండీ నా దగ్గర. పళ్ళు చూసేది. ఇక్కడ పడుతుందా అని చూస్తున్నా."

"మా వ్యానులో ఎందుకండీ?"

ఆయన నెత్తి రుద్దుకున్నారు. నలభై దాటిన మనిషి, నున్నగా దువ్విన జుట్టు, చొక్కా జేబులో చిన్న టార్చిలైటు. "మీరు ఊరూరా తిరుగుతారు కదా. ఆవిడ తిరగడం మానాలని నేనెందుకంటాను? ఆవిడ పాడతారు. నేను పొద్దున్నపూట ఏ చర్చి వరండాలోనో పళ్ళు చూస్తాను. నోళ్ళు లేని ఊరుండదు కదండీ."

ఇలాంటి మనిషిని పొమ్మని ఎలా చెప్పను?

అందులోనూ ఆయన కొలుస్తున్న ఆ మూల ఉంది చూశారూ, అది మాది. నాదీ, మా ఆయనదీ. ఏ ఊరెళ్ళినా ఆడవాళ్ళకో గది, మగవాళ్ళకో గది. ఈ లోకంలో మాకంటూ ఉన్న ఏకాంతం స్పీకరు పెట్టెలకీ వెనక తలుపుకీ మధ్య ఆ కాస్త చోటే. సామాను సర్దే వంకతో ఇద్దరం అక్కడ దూరతాం. ఒక దిండు, ఒక ఫ్లాస్కు, ఫ్లాస్కు మూతలో ఇద్దరికీ ఒకటే టీ. నేనొక గుక్క, ఆయనొక గుక్క. రాజమహల్లో కూడా అంత సుఖం ఉండదని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు అందులోకి పళ్ళ కుర్చీ వస్తానంటోంది.

"అమ్మాయ్," అన్నారు పెద్దావిడ, నన్ను దగ్గరికి పిలిచి. "ఈ చెవి వైపు వచ్చి మాట్లాడు, రెండోది షోకుకే ఉంది. వీడు జీవితమంతా జనాన్ని నోరు తెరవమన్నాడు గానీ తను తెరిచిన పాపాన పోలేదు. మొన్న మీ వదిన పన్ను పీకించుకుని వెళ్ళాక ఇంటికొచ్చి మొదటిసారి నోరు తెరిచాడు. గంటసేపు మాట్లాడాడు. నా మిషనులో బ్యాటరీ అయిపోయింది."

"అమ్మా!" అన్నారు డాక్టరుగారు, వ్యానులోంచి.

"అబద్ధమా? ఎప్పుడో మా పెళ్ళిళ్ళ పేరయ్య కూడా నీ మీద ఆశ వదిలేసుకున్నాడు." మళ్ళీ నా వైపు తిరిగారు. "ఒప్పుకున్నట్టేనని చెప్పింది నువ్వేనటగా?"

"సగం అన్నానండీ."

"మిగతా సగం ఎక్కడ ఆగింది?"

ఏం చెప్పను? మా వాళ్ళ భాషలో ఆ మాటకి కాదని అర్థమటండీ, దయచేసి కారెక్కండి అని చెప్పాలి. చెప్పడానికే కదా వచ్చాను. ఆవిడ ఆ మంచి చెవిని నా వైపు తిప్పి, తల వాల్చి, ఆశగా ఎదురుచూస్తున్నారు.

"ముందు వరసలో కూర్చోండి," అనేశాను. "స్పీకరుకి దగ్గరగా. బాగా వినపడుతుంది."

పంపించడానికి వెళ్ళి కుర్చీ వేసి వచ్చాను.

* * *

వదినకి మైకు తగిలించే పని కూడా నాదే. చెవి వెనకనుంచి సన్నని కడ్డీ పెదాల పక్కకి రావాలి, తీగ వీపు మీద జాకెట్టులోంచి కిందికి పోవాలి, బ్యాటరీ పెట్టె నడుం దగ్గర ఉండాలి. వేదిక వెనక చిన్న గదిలో ఆవిడ నాకు వీపు ఇచ్చి నిలబడింది. బయట యువకులూ అమ్మాయిలూ వచ్చి కూర్చుంటున్న సందడి.

"వెళ్ళిపోయారా?" అంది.

"ముందు వరసలో ఉన్నారు."

వీపు కదల్లేదు.

"నువ్వు ఆయనకి సగం అన్నావా?"

"అన్నాను వదినా. తప్పయితే..."

"ఏ సగం?"

నా చేతిలో తీగ ఆగిపోయింది.

"ఏ సగం ఒప్పుకున్నాననుకున్నావు?" అంది మళ్ళీ, నెమ్మదిగా. వెక్కిరింపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది.

"పన్ను పీకించుకుని బయటికొచ్చాక, నోట్లో దూది పెట్టుకుని నవ్వారు మీరు. పన్ను పీకించుకున్నవాళ్ళెవరూ అలా నవ్వరు వదినా. ఆ సగం."

వదిన మైకు కడ్డీని పెదాల పక్కకి సర్దుకుంది. బయట ఎవరో కుర్చీ ఈడ్చారు.

"జ్ఞానదంతం పీకేశాడు కదా," అంది చివరికి. "జ్ఞానం కూడా పోయినట్టుందని దరువు అననే అన్నాడు."

"వాడికేం తెలుసు?"

"ఇన్నేళ్ళూ నన్ను నోరు మూసుకోమన్నవాళ్ళే గానీ, తెరవమన్నవాడు ఈయనొక్కడే." నవ్వబోయింది. నవ్వు సగంలో దారి తప్పింది. "పిల్లా, నేను నిజంగానే ప్రార్థన చేస్తున్నానే."

తీగ వదిలేసి ముందుకొచ్చి ఆవిడ మొహం చూశాను.

"ఆ రోజునుంచీ పొద్దునా సాయంత్రం అదే. కానీ ఎవరు నమ్ముతారు చెప్పు? ప్రతివాళ్ళకీ కాదని చెప్పలేక ఆ మాట అప్పజెప్పాను. పాస్టర్లకి చెప్పాను, వేణువాయనకి చెప్పాను, నీకూ చెప్పాను. మాట అరిగిపోయింది. ఇప్పుడు నిజంగా అడగాల్సి వచ్చి మోకరిస్తే, ఇదేదో కాదంటోంది కాబోలులే అని దేవుడు కూడా పక్కకి తిరిగి పడుకున్నాడేమో అనిపిస్తోంది."

"దేవుడికి మీ యాస తెలుసు వదినా."

"ఆయనకి తెలుసు. మా తమ్ముడికే తెలీదు." కళ్ళు తుడుచుకుంది, మైకు కడ్డీ కదలకుండా జాగ్రత్తగా. "వాడి మొహం చూశావా ఇందాక? ఆ మొహం పెట్టుకుని చూస్తే నేనేం చెప్పగలను? వాణ్ణి వదిలి ఎలా పోతాను?"

"పోవాల్సిన పని లేదు వదినా. డాక్టరుగారు..."

"చెక్. చెక్. వన్. టూ."

హాల్లోంచి మా ఆయన గొంతు. మైకు పరీక్ష. అంటే ఇంక మాటలాపి వేదికెక్కాలి. వదిన భుజాలు నిటారుగా పెట్టి, చీర సర్దుకుని, పరదా తొలగించుకుని వెళ్ళిపోయింది. మడత కుర్చీ సంగతి నా నోట్లోనే ఉండిపోయింది.

నేను లాప్‌టాప్ దగ్గరికి, వేదిక మూలకి నడిచాను. అక్కడినుంచి చివర మిక్సర్ దగ్గర ఆయన కనిపిస్తారు. ఎప్పుడూ టూ దగ్గర ఆపేసే మనిషి, నా పెళ్ళయినప్పటినుంచీ నేను కుర్చీలో కూర్చోగానే ఇంకొకటి కలుపుతారు. అది నాకోసం.

కూర్చున్నాను. చూశాను.

త్రీ రాలేదు.

* * *

సభ మాత్రం అద్భుతంగా నడిచింది. మా మధ్య ఏం రగులుతున్నా వేదిక మీద మా వదిన మా వదినే. మొదటి పాటకే వెనక వరసల కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. రెండో పాటకి అమ్మాయిలందరూ చప్పట్లు. దరువు రెచ్చిపోయాడు. డాక్టరుగారి తల్లి మంచి చెవిని స్పీకరు వైపు తిప్పి, కర్రతో నేల మీద తాళం వేస్తున్నారు. డాక్టరుగారు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష ఫలితాలు వినబోయే పిల్లాడిలా కూర్చున్నారు.

తర్వాత దారి పాట. వదిన సొంతంగా రాసి, బాణీ కట్టిన పాట. మొదటి చరణం ఒంటరిగా నడిచేవాళ్ళ గురించి. రెండోది అలసిపోయి కూర్చున్నవాళ్ళ గురించి. మూడోది దారిలో తోడు దొరకడం గురించి.

మొదటి చరణం అయింది. వీపు వెనక చెయ్యి కదిలింది. మూడు వేళ్ళు.

రెండోది వదిలేసి మూడోదానికి వెళ్తోందన్నమాట. మార్చాను. తెర మీద మూడో చరణం వచ్చింది. హాలంతా అదే ఎత్తుకుంది, అందరూ తోడు దొరికిందని పాడుతున్నారు.

వదిన మాత్రం అలసిపోయానని పాడుతోంది.

వేళ్ళు ఒకటి చెప్పాయి, నోరు ఇంకొకటి పాడింది. ఇన్ని ఊళ్ళలో ఇన్ని సభల్లో ఎప్పుడూ ఇలా జరగలేదు. దరువు కర్రలు తడబడ్డాయి. తెర మార్చాలా, ఉంచాలా? నేను ఆ చేతినే చూశాను. మూడు వేళ్ళు అలాగే ఉన్నాయి.

మార్చలేదు.

వదిన వెనక్కి తిరిగి తెర చూసింది. పాట ఆపింది. నవ్వింది.

"తప్పు నాదే," అంది మైకులో. "తెర మీద ఉన్నదే రైటు. మీరు పాడండి, నేను మీ వెంట వస్తాను."

హాలు దద్దరిల్లింది. చివర వరకూ వాళ్ళు పాడితే వదిన వెంట పాడింది. ఆఖరి పల్లవికి బొటనవేలు పైకి లేచింది. శ్రుతి ఒక మెట్టు పెరిగింది. ఆ బొటనవేలంటే నాకు ప్రాణం. పాట అయిపోతుందనుకున్న చోట అయిపోకుండా ఇంకా పైకెళ్తుంది కదా, అప్పుడు ఒళ్ళంతా తేలికయిపోతుంది.

సభ ముగిసింది. ఆశీర్వాదం అయ్యింది. జనం బయటికి కదులుతున్నారు. దరువు ఇటు వీపు పెట్టి డ్రమ్ముల మరలు విప్పుతున్నాడు. నేను తీగలు చుడుతున్నాను.

డాక్టరుగారు వేదిక మెట్లెక్కి వచ్చారు. వాళ్ళమ్మ కిందనే, మెట్టు దగ్గర ఆగారు.

"మీరు చాలా బాగా పాడారండీ," అన్నారు.

"వందనాలండీ," అంది వదిన.

ఆ వందనాలు హాలంతా మోగింది. రెండు పక్కలా పెద్ద స్పీకర్లలోంచి. బయటికి పోతున్నవాళ్ళు కూడా ఆగి చూశారు.

మైకు ఇంకా తెరిచే ఉంది.

నేను మిక్సర్ వైపు చూశాను. సభ ముగిసిన మరుక్షణం అన్ని మీటలూ దించేసే మనిషి మా ఆయన. ఎన్నడూ మరిచిపోలేదు. ఇప్పుడు మీట మీద వేలు పెట్టుకుని, దించకుండా, అక్క మొహాన్నే చూస్తూ కూర్చున్నారు.

వదిన కూడా అటు చూసింది. తమ్ముణ్ణి చూసింది. మైకు తెరిచి ఉందని ఆవిడకి తెలుసు. తెలిసిందని ఆయనకీ తెలుసు.

"ఆ రోజు అడిగినదానికి..." డాక్టరుగారి గొంతు కూడా పక్కనున్న మైకులోకి కొద్దికొద్దిగా పోయి హాల్లో తిరుగుతోంది. ఆయన గాభరాగా పైకి చూసి, అయినా ఆగలేదు. మంచి ధైర్యమే. "మీరేమనుకుంటున్నారో అని..."

కర్ర చప్పుడు కూడా ఆగిపోయింది.

"ప్రార్థన చేసి చెప్తానండీ," అంది వదిన.

స్పష్టంగా. మర్యాదగా. ఎన్ని ఊళ్ళలో ఎంతమందికి చెప్పిందో అదే గొంతుతో. రెండు స్పీకర్లూ ఆ మాటని హాలు చివరివరకూ మోసుకెళ్ళాయి.

డాక్టరుగారి మొహం వాలిపోయింది. హాలు చివర మా ఆయన భుజాలు కిందికి దిగాయి, బరువు దించుకున్నట్టు.

నేను మాత్రం వాళ్ళిద్దరి మొహాలూ సరిగ్గా చూడలేదు. అలవాటు కొద్దీ నా కళ్ళు వదిన వీపు మీదే ఉన్నాయి.

వీపు వెనక ఎడంచెయ్యి. నాలుగు వేళ్ళు ముడుచుకున్నాయి. అయ్యో పిడికిలి అనుకున్నాను.

బొటనవేలు పైకి లేచింది.

నిటారుగా, నిదానంగా, నేను చూశానో లేదోనని కాస్త ఊగి మరీ నిలబడింది.

చేతిలో చుట్టిన తీగంతా జారి కిందపడింది. వదిన వెనక్కి చూడలేదు. పెద్దావిడకి నమస్కారం పెట్టి పరదా వెనక్కి వెళ్ళిపోయింది. డాక్టరుగారు ఒక్కరే వేదిక మధ్యలో నిలబడ్డారు. నా వైపు చూశారు, ఆ రోజు ఫోనులో అడిగిన ప్రశ్నే ఇప్పుడు కళ్ళతో అడుగుతూ.

ఈలోగా మా ఆయన హాలు దాటి గబగబా వచ్చేశారు. మొహం వెలిగిపోతోంది. మధ్యాహ్నంనుంచీ కనపడని నవ్వు ఇప్పుడు కళ్ళదాకా వచ్చింది. అది చూస్తే నాకు ఎప్పుడూ ప్రాణం లేచొస్తుంది. ఇవాళ మాత్రం ఆ నవ్వు పక్కనే బొటనవేలు కూడా కనిపిస్తోంది.

"విన్నావు కదా?" అన్నారు నా చెవిలో. "నేను చెప్పలేదూ? మా అక్క సంగతి నాకు తెలుసు."

"విన్నాను."

"పాపం ఆయనకి అర్థమైనట్టు లేదు, ఇంకా ఇక్కడే నిలబడ్డాడు. నువ్వే వెళ్ళి చెప్పు, మెల్లగా, నొప్పి తెలీకుండా. ఆ మాటకి అర్థమేమిటో ఈసారి సరిగ్గా చెప్పు. చెప్తావు కదూ?"

కిందపడిన తీగ తీసి, మోచేతికి చుట్టుకున్నాను. వ్యానులో మా మూల గుర్తొచ్చింది. దిండు, ఫ్లాస్కు మూత, వాటి మధ్య మడతపెట్టిన ఒక పళ్ళ కుర్చీ. ఇరుకే. సర్దుకోవచ్చు.

మా ఆయన కళ్ళలోకి చూసి నవ్వాను.

"ప్రార్థన చేసి చెప్తానండీ," అన్నాను.

ఆయన కూడా నవ్వబోయారు. నవ్వు సగానికి వచ్చి ఆగింది.